ఒక్క పిలుపుకు ఇద్దరు పలికితే

పాత కంప్యూటర్లతో పని పెట్టుకున్నవాళ్ళు ‘పాడైంది’ అన్న మాటను వీలైనంత ఆలస్యంగా వాడడం అలవాటు చేసుకోవాలి. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే వెనకే చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతుంది. ఆ తర్వాత బాగున్న వస్తువు కూడా నిజంగానే పాడవుతుంది. కొత్త సరుకైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. 1993 నాటి సౌండ్ కార్డుని ఇప్పుడు ఎవరూ తయారు చేయరు. మన పొరపాటుకు ఒకటి పోతే లోకంలో ఒకటి తగ్గినట్టే.

వస్తువు పాడవడం వేరు, రెండు మంచి వస్తువుల మధ్య పేచీ రావడం వేరు. పాడైనదాన్ని మార్చాలి. పేచీ పడ్డవాటిని విడదీయాలి. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలగడమే ఈ అధ్యాయంలో నేర్చుకోవలసింది. అందుకు నేను ఎంచుకున్నది సౌండ్ కార్డుకీ జాయ్‌స్టిక్‌కీ మధ్య వచ్చే తగవు. దీనంత శుభ్రంగా విషయాన్ని విప్పి చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి దొరకలేదు.

ముందు రోగ లక్షణం చూడండి. డాస్ నడిచే ఒక 486 యంత్రం. అందులో కొత్తగా సౌండ్ కార్డు పెట్టారు. సంగీతం కమ్మగా వస్తోంది, తుపాకుల మోతలు వస్తున్నాయి. జాయ్‌స్టిక్ తగిలించి విమానం ఆట తెరిచారు. చెయ్యి వేయకుండానే విమానం ఒక మూలకు లాక్కుపోతోంది. క్యాలిబ్రేషన్ చేయబోతే కొన్నిసార్లు అసలు జాయ్‌స్టిక్కే లేదంటోంది. సౌండ్ బాగుంది కాబట్టి కార్డు మీద అనుమానం రాదు. కళ్ళెదుట తేడాగా కనిపించేది జాయ్‌స్టిక్ ఒక్కటే. అందుకని దాన్నే విప్పుతాం. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

నేనూ అలాగే విప్పాను. లోపలి రెండు పొటెన్షియోమీటర్లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. తిరిగి బిగించేటప్పుడు స్టిక్‌ను నిటారుగా నిలబెట్టే స్ప్రింగు వంగిపోయింది. విమానం మాత్రం అదే మూలకు పోతూనే ఉంది. నాలుగు రోజులయ్యాక జాయ్‌స్టిక్‌ను మరో యంత్రానికి తగిలిస్తే, స్ప్రింగు వంగినా చెప్పినట్టు వింది. అంటే అది మొదటి నుంచీ బాగానే ఉంది. ఆ స్ప్రింగు సంగతి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. విప్పకముందే వేరే యంత్రంలో పెట్టి చూడడానికి ఐదు నిమిషాలు పట్టేది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత బోర్డులు బాగుచేసే ఒక పెద్దాయనకు ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన యంత్రాన్ని కూడా చూడకుండా ఒక్క ప్రశ్న వేశాడు.

“గేమ్ పోర్టులు ఎన్నున్నయ్ సార్ లోపట?”

“ఒకటే అన్నా. సౌండ్ కార్డు మీదిది. వెనకాల చూశాగా, ఒక్కటే ఉంది.”

“వెనకాల కనవడేది లెక్క గాదు సార్. హార్డ్ డిస్క్ వైరు పెట్టిన కార్డున్నది గదా, దాని మీద పిన్నులు చూడున్రి. దానికీ ఒక గేమ్ పోర్టు ఉంటది.”

ఉంది. దాని కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1981లో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌కు గేమ్ కంట్రోల్ అడాప్టర్ అనే చిన్న కార్డును కూడా తెచ్చింది. పదిహేను పిన్నుల సాకెట్, నాలుగు టైమర్లు కలిసి ఉన్న 558 చిప్, చుట్టూ కొన్ని కెపాసిటర్లు. పెద్ద తెలివేమీ లేని కార్డు అది. జాయ్‌స్టిక్‌లో అడ్డానికొకటి, నిలువుకొకటి పొటెన్షియోమీటర్ ఉంటుంది. పాత రేడియోలో వాల్యూం తిప్పే భాగం లాంటిదే. స్టిక్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పితే నిరోధం సున్నా నుంచి లక్ష ఓమ్‌ల దాకా మారుతుంది. ఆట ప్రోగ్రాం హెక్సాడెసిమల్ లెక్కలో 201 అనే చిరునామాకు ఏదో ఒక అంకె రాస్తుంది. ఏ అంకె అయినా ఫర్వాలేదు, అది తలుపు తట్టడం మాత్రమే. వెంటనే టైమర్లు మొదలవుతాయి. ప్రోగ్రాం అదే చిరునామాను పదే పదే చదువుతూ, టైమర్ ఎప్పుడు ఆగుతుందా అని లెక్కపెడుతూ కూర్చుంటుంది. నిరోధం తక్కువైతే దాదాపు 24 మైక్రోసెకన్లలో ఆగుతుంది, లక్ష ఓమ్‌లైతే 1,124 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. ఎంతసేపు పట్టిందో దాన్నిబట్టే స్టిక్ ఎక్కడుందో ప్రోగ్రాంకు తెలుస్తుంది. గేమ్ పోర్టు చేసే పనంతా ఇదే.

దీనికి ప్రాసెసర్‌ను మధ్యలో పిలిచే ఇంటరప్ట్ లేదు, ప్రాసెసర్‌తో పని లేకుండా మెమరీని అందుకునే డీఎంఏ లేదు. ఉన్నదల్లా చిరునామా ఒక్కటే. ఆటలన్నీ 201నే తడతాయి గనక ఎవరు ఎప్పుడు గేమ్ పోర్టు తయారు చేసినా అదే చిరునామా పెట్టాల్సి వచ్చింది. సౌండ్ కార్డును 220 నుంచి 240కి జరపవచ్చు. గేమ్ పోర్టుకు జరగడానికి చోటు లేదు. ఉంటే 201లో ఉండాలి, లేకపోతే మూసుకుని ఉండాలి.

1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ మీద క్రియేటివ్ సంస్థ ఒక గేమ్ పోర్టు కూడా పెట్టింది. ఆటలాడేవాళ్ళకు ఒక స్లాట్ మిగిలింది, అందరూ సంతోషించారు. తర్వాత వచ్చిన సౌండ్ కార్డులు చాలావరకు అదే బాట పట్టాయి. మరోవైపు హార్డ్ డిస్క్, ఫ్లాపీ, సీరియల్, ప్రింటర్ పోర్టులన్నీ ఒకే చోట పెట్టిన మల్టీ ఐఓ కార్డులు అసెంబుల్డ్ యంత్రాల్లోకి వచ్చాయి. వాటి మీద కూడా ఒక గేమ్ పోర్టు. ఇలా ఒకే పెట్టెలో, ఒకే చిరునామాలో ఇద్దరు కాపురం పెట్టారు. ఒక ఒరలో రెండు కత్తులు.

పెళ్ళింట్లో ‘శీనూ’ అని కేకేస్తే ఇద్దరు శీనులు ఒకేసారి ‘ఆఁ’ అన్నారనుకోండి. ఏ గొంతు ఎవరిదో తెలియదు. 201ని తట్టినప్పుడు అచ్చంగా ఇదే జరుగుతుంది. స్టిక్ తగిలించిన పోర్టు లెక్క ముగించి ‘అయిపోయింది’ అంటుంది. ఏమీ తగిలించని పోర్టుకు కరెంటు దారే లేదు, దాని టైమర్ ఎప్పటికీ ఆగదు, అది ‘ఇంకా లేదు’ అంటూనే ఉంటుంది. రెండు సమాధానాలూ ఒకే తీగల మీద పడి కొట్టుకుంటాయి. చివరికి ప్రాసెసర్‌కు చేరేది ఇద్దరిలో ఎవరి మాటా కాదు. ఇంత జరుగుతున్నా తెర మీద ఎర్రర్ రాదు, బీప్ మోగదు.

మల్టీ ఐఓ కార్డు మీది గేమ్ పోర్టు కంటికి కనపడకపోవడానికి కారణం చిన్నది. కార్డు మీద దానికి రెండు వరసల పిన్నులు మాత్రమే ఉంటాయి. అక్కడి నుంచి ఒక రిబ్బన్ కేబుల్ ద్వారా వెనక పలకకు సాకెట్ వస్తుంది. అమర్చినవాళ్ళు ఆ పలక పెట్టకుండా వదిలేస్తే వెనక నుంచి చూసేవారికి అసలు పోర్టే లేనట్టు ఉంటుంది. కార్డు మీది చిప్పుకు పలక సంగతి ఏం తెలుసు? 201 అన్న పిలుపు వినపడితే పలుకుతుంది. నా యంత్రంలో జరిగింది ఇదే. నేను వెనకాల సాకెట్లు లెక్కపెట్టాను, లోపల చిరునామాలు లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి వద్దాం.

మొదట ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకోండి. యంత్రం ఆపి, ప్లగ్ గోడ నుంచి పీకి, మూత తెరవండి. ప్రతి కార్డునూ రెండు వైపులా ఫోటో తీయండి. జంపర్లు, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న టోపీలు, ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ ఫోటోలో స్పష్టంగా కనపడాలి. కాగితం మీద ఒక్కో కార్డు పేరు రాసి, అది వాడుకునే చిరునామా, ఇంటరప్ట్, డీఎంఏ అంకెలు పక్కన రాయండి. ఇది చాలామంది చేయరు, తలలోనే పెట్టుకుంటారు. నాలుగు కార్డులు దాటితే తల మోయలేదు. నా అనుభవంలో సగం పేచీలు ఈ కాగితం రాస్తుండగానే బయటపడ్డాయి.

తర్వాత డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాంతో చిన్న పరీక్ష. జాయ్‌స్టిక్ తగిలించి, డీబగ్ తెరిచి, ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టి, పక్కన 201, ఆ పక్కన 0 ఇవ్వండి. అది తలుపు తట్టడం. తర్వాత ‘ఐ’ అక్షరం, పక్కన 201 ఇవ్వండి. అది జవాబు అడగడం. పోర్టు ఒక్కటే ఉండి, రెండు పొటెన్షియోమీటర్ల మామూలు స్టిక్ తగిలించి ఉంటే సాధారణంగా ‘ఎఫ్‌సి’ అని వస్తుంది. మొదటి బటన్ నొక్కిపట్టి మళ్ళీ అడిగితే ‘ఇసి’, రెండోది నొక్కితే ‘డిసి’. స్టిక్ తగిలించి ఉన్నా, బటన్ నొక్కినా ‘ఎఫ్‌ఎఫ్’ తప్ప ఇంకేమీ రాకపోతే ఆ పోర్టు మూసి ఉంది, లేదా మీరు తగిలించింది వేరే పోర్టుకు. అడిగిన ప్రతిసారీ పొంతన లేని అంకెలు వస్తుంటే ఇద్దరు పలుకుతున్నారని గట్టిగా అనుమానించాలి. డాస్ 6తో వచ్చే ఎంఎస్‌డీ ప్రోగ్రాం గేమ్ అడాప్టర్ ఉందో లేదో చెబుతుంది గానీ ఎన్ని ఉన్నాయో చెప్పదు. దాన్ని నమ్ముకుని ఆగిపోకండి.

అనుమానం తీర్చుకోవడానికి సౌండ్ కార్డును పూర్తిగా తీసేయండి. మల్టీ ఐఓ కార్డును తీయలేం, హార్డ్ డిస్క్ దాని మీదే ఉంది. సౌండ్ కార్డు లేకుండా, స్టిక్‌ను మల్టీ ఐఓ పోర్టుకు తగిలించి 201ని మళ్ళీ అడగండి. అప్పుడూ జవాబు వస్తే రెండో పోర్టు ఉన్నట్టే. జాయ్‌స్టిక్ తగిలించడానికి చోటే లేకపోయినా సరే, మల్టీ ఐఓ పిన్నుల మీద బటన్ పిన్నునూ గ్రౌండ్ పిన్నునూ ముట్టించి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. పక్కనే ఐదు వోల్టుల పిన్ను ఉంటుంది. పాత పెట్టెల్లో వెతికి పలకను సంపాదించుకోండి, లేదా నేరుగా జంపర్ వెతకండి.

ఇద్దరిలో ఒకరిని మూయాలి. ఎవరిని? నేనైతే సౌండ్ కార్డు మీదిదాన్ని ఉంచి మల్టీ ఐఓ మీదిదాన్ని మూస్తాను. సౌండ్ కార్డు సాకెట్ అప్పటికే వెనక బిగించి ఉంది, సంగీత వాయిద్యాలను కలిపే మిడి తీగ కూడా అక్కడికే వస్తుంది. మల్టీ ఐఓ కార్డుల మీద జంపర్ పక్కన తరచు ‘గేమ్’ అనో ‘జాయ్’ అనో తెల్ల అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. అచ్చు చెరిగిపోయి, మాన్యువల్ కూడా లేకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టు జంపర్లన్నీ మార్చుకుంటూ పోకండి. ఒకటి తప్పయితే హార్డ్ డిస్క్ కనిపించదు, అప్పుడు పేచీలు రెండవుతాయి. అలాంటప్పుడు సౌండ్ కార్డు వైపే మూయడం క్షేమం. సౌండ్ బ్లాస్టర్ 16 లాంటి చాలా క్రియేటివ్ కార్డుల మీద జె, వై, ఇ, ఎన్ అనే నాలుగు అక్షరాలతో ఒక జంపర్ ఉంటుంది. జాయ్‌స్టిక్‌ను అనుమతించేది అదే. దాని టోపీ తీస్తే కార్డు మీది గేమ్ పోర్టు మూసుకుంటుంది, శబ్దానికి ఏమీ కాదు. అప్పుడు మల్టీ ఐఓ పిన్నులకు పలక తగిలించి జాయ్‌స్టిక్‌ను అక్కడ పెట్టుకోవచ్చు.

జంపర్లు లేని సౌండ్ కార్డులూ ఉన్నాయి. వాటి అమరిక అంతా కాన్ఫిగ్ ఫైల్లో, ఆటోఎగ్జెక్ ఫైల్లో ఉండే ప్రోగ్రాం చేస్తుంది. గేమ్ పోర్టును తెరిచేదీ ఆ ప్రోగ్రామే. ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. యంత్రం మామూలుగా లేస్తే పేచీ ఉంటుంది. డాస్ 6లో మొదలయ్యేటప్పుడు ఎఫ్5 నొక్కి ఆ రెండు ఫైళ్ళనూ దాటవేస్తే పేచీ మాయమవుతుంది. ఈ తేడా కనిపిస్తే జంపర్ల జోలికి పోనక్కర లేదు, కార్డు సెటప్ ప్రోగ్రాంలో జాయ్‌స్టిక్ అన్న చోట వద్దని పెడితే సరిపోతుంది. ఎఫ్8 నొక్కి ఒక్కో వరసకూ అవుననో కాదనో చెబుతూ పోతే ఏ వరస దగ్గర తేడా మొదలైందో కూడా తెలిసిపోతుంది. విండోస్ 95లో అయితే డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు ఆశ్చర్యార్థకం కొన్నిసార్లు కనిపిస్తుంది. విండోస్‌కు ప్లగ్ అండ్ ప్లే కార్డుల సంగతే బాగా తెలుసు. జంపర్లతో నడిచే పాత కార్డు లోపల ఉన్నట్టు ఎవరూ చెప్పకపోతే దానికీ తెలియదు.

చిరునామా తగవు తీరాక కూడా జాయ్‌స్టిక్ వణుకుతుంటే? ఇక్కడే చాలామంది మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంటారు. కాస్త ఆగండి. ఇది ఇంకో రకం పేచీ, కాలం దగ్గర వచ్చేది. ప్రోగ్రాం స్టిక్ కోసం లెక్కపెడుతోంది కదా, సరిగ్గా ఆ వెయ్యి మైక్రోసెకన్ల లోపల సౌండ్ కార్డు ‘నాకు తర్వాతి ముక్క కావాలి’ అని ఇంటరప్ట్ కొడుతుంది. ప్రాసెసర్ లెక్క వదిలేసి వెళ్ళి, శబ్దం సంగతి చూసి, తిరిగొస్తుంది. ఈలోపు టైమర్ ఆగదు. తిరిగొచ్చేసరికి లెక్క తక్కువ వస్తుంది, తక్కువ లెక్కంటే ప్రోగ్రాం దృష్టిలో స్టిక్ ఎడమకో పైకో జరిగినట్టు. విమానం ఒక్క క్షణం ఉలిక్కిపడినట్టు అటు కొట్టుకుని మళ్ళీ దారిలోకి వస్తుంది. దీన్ని తప్పించడానికి కొందరు ఆట రాసేవాళ్ళు స్టిక్ చదివేటంతసేపూ ఇంటరప్టులు ఆపేసేవారు. అప్పుడు స్టిక్ బాగుంటుంది, శబ్దంలో చిటపటలు వస్తాయి. ఇద్దరిలో ఎవరో ఒకరు నష్టపోవలసిందే. ఆ రోజుల్లో ప్రోగ్రామర్లు ఈ వెయ్యి మైక్రోసెకన్ల కోసం ఎంత తల బద్దలు కొట్టుకున్నారో తలచుకుంటే నాకు వాళ్ళ మీద గౌరవం కలుగుతుంది.

అలా చూస్తే వణుకులు మూడు రకాలు. వాటిని విడదీసి గుర్తుపట్టడం కష్టం కాదు. స్టిక్‌ను మెల్లగా ఒక కొస నుంచి మరో కొసకు తీసుకెళ్ళండి. ప్రతిసారీ ఒకే చోట గెంతితే లోపల పొటెన్షియోమీటర్ మురికి పట్టింది, క్లీనర్ పని అప్పుడే. ఆటలో సంగీతం, శబ్దం రెండూ ఆపేసి చూసినప్పుడు వణుకు పోతే అది కాలం పేచీ. శబ్దం ఆపినా, స్టిక్ ముట్టకపోయినా, ఏ ఆటలోనైనా మొదటి నుంచీ అదే గోల అయితే చిరునామా పేచీ. నేను ఆ రోజు ఈ మూడు ప్రశ్నలు వేసుకుని ఉంటే ఆ స్ప్రింగు నిలబడేది.

ప్రాసెసర్ వేగం కూడా ఇందులో వేలు పెడుతుంది. 4.77 మెగాహెర్ట్జ్ యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆట, పెంటియం మీద ఎంత గబగబా లెక్కపెడుతుందంటే, టైమర్ ఆగేలోపే దాని ఓపిక అయిపోయి జాయ్‌స్టిక్ లేదని తేల్చేస్తుంది. టర్బో బటన్ ఉంటే నొక్కి వేగం తగ్గించి చూడండి. లేకపోతే బయాస్‌లో క్యాష్‌ను ఆపి చూడండి. ఈ ఇబ్బంది కోసమే వేగాన్ని సర్దుకునే గేమ్ కార్డులు వచ్చాయి. 1992 నాటి గ్రావిస్ అల్ట్రాసౌండ్‌తో ఈ సర్దుబాటుకు విడిగా ఒక ప్రోగ్రామే ఇచ్చారు.

శబ్దం వైపు తగవులు వేరే. ఇవి జాయ్‌స్టిక్‌కు సంబంధించినవి కావు గానీ మీ కాగితం మీదికి ఎలాగూ వస్తాయి. ఇంటరప్ట్ 7 ప్రింటర్ పోర్టుది, సౌండ్ బ్లాస్టర్ తొలి కార్డులు వాడిందీ అదే. 5కు జరిపితే రెండో ప్రింటర్ పోర్టో నెట్‌వర్క్ కార్డో అక్కడ కూర్చుని ఉండవచ్చు. అడాప్టెక్ 1542 స్కజీ కార్డు ఉంటే ఇంకా జాగ్రత్త. దాని మామూలు చిరునామా 330, డీఎంఏ 5. సౌండ్ బ్లాస్టర్ 16 మిడికి వాడేదీ 330, పదహారు బిట్ల శబ్దానికి వాడేదీ డీఎంఏ 5. జంపర్లు ఎలా మార్చినా ఆటోఎగ్జెక్ ఫైల్లోని బ్లాస్టర్ వరసలో అవే అంకెలు రాయాలి. కార్డు మీద ఒకటి, ఫైల్లో ఒకటి ఉంటే ఆట పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది.

పదిహేను పిన్నుల సాకెట్ గురించి కూడా ఒక మాట. ఐబీఎం అసలు పోర్టులో 12వ పిన్ను గ్రౌండ్, 15వది ఐదు వోల్టులు. సౌండ్ కార్డులవాళ్ళు ఆ రెండింటినీ తీసుకుని మిడికి ఇచ్చారు. పాత పద్ధతిలో ఆ రెండు పిన్నుల మీద ఆధారపడి తయారైన స్టిక్కో, రెండు స్టిక్కులు తగిలించే చీలిక తీగో ఉంటే మల్టీ ఐఓ పోర్టులో పనిచేసి సౌండ్ కార్డు పోర్టులో మొరాయిస్తుంది. మల్టీమీటర్ పెట్టి ఒక్కసారి చూసుకుంటే తేలిపోతుంది.

ఏం చేసినా ఒకసారికి ఒకే మార్పు చేయండి. మార్చిన ప్రతిసారీ యంత్రం లేపి, 201ని అడిగి, వచ్చిన జవాబును కాగితం మీద టైముతో సహా రాయండి. విసుగు పుట్టిస్తుంది, ఒప్పుకుంటాను. రెండు జంపర్లు ఒకేసారి మార్చి బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు. వచ్చే ఏడు మళ్ళీ అదే పేచీ వస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

నా 486లో చివరికి మార్చింది మల్టీ ఐఓ మీది ఒక్క జంపర్. టోపీని పారేయలేదు, రెండు పిన్నుల్లో ఒకదానికే తగిలించి పక్కకు వేలాడదీశాను. రేపు తెరిచినవారికి అది అక్కడే కనిపిస్తుంది. ఆ కాగితాన్ని మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టి క్యాబినెట్ మూత లోపలి వైపు టేపుతో అంటించాను. దాని మీద చివరి వరస ఇలా ఉంది: ‘201 – సౌండ్ కార్డుది. మల్టీ ఐఓ మీదిది మూసి ఉంది. జాయ్‌స్టిక్ బాగుంది, విప్పవద్దు.’